విన్నవారి గడి

మొన్న మంగళవారం ధర్మవరం నుంచి నాకొక కార్డు వచ్చింది. దానిలో రెండు సంగతులున్నాయి. మొదటిది మరణవార్త. రెండవది ఒక నవల మీద అభిప్రాయం. రెండూ ఒకే సిరాతో, ఒకదాని వెంట ఒకటిగా, మధ్య చిన్న గీతైనా లేకుండా రాసి ఉన్నాయి. చావు కబురునూ పుస్తకం కబురునూ ఒకే కార్డులో ఇరికించడమేమిటని మొదట నాకు కోపం వచ్చింది. రెండవసారి చదివిన తరువాత, ఆ మనిషి పోయిన సంగతిని ఇంతకంటె సరైన పద్ధతిలో తెలియజేయడం సాధ్యం కాదని ఒప్పుకున్నాను.

పోయినామె ధర్మవరంలో పట్టుదారం చుట్టే వృద్ధురాలు. ఆమె పేరు రాయను. రాయకూడదని ఆమె నాకు పెట్టిన నిబంధన. సంతకం నిబంధన ఒక్కటి తప్ప, నేను పెట్టిన నిబంధనలన్నింటినీ ఆమె అక్షరాలా పాటించింది. ఆమె పెట్టిన ఒక్కదానిని నేను పాటించకపోతే న్యాయం కాదు.

హిందూపురంలో మా పఠనాలయానికి నేను చాలా ఏళ్ళు కార్యదర్శిగా పనిచేశాను. మా దగ్గర పుస్తకాలు తక్కువ. కావాలనే ఊళ్ళు ఎక్కువ. అందుచేత ఒక తగరపు పెట్టెలో ముప్ఫై పుస్తకాలు సర్ది రైలులో పంపేవాళ్ళం. పెట్టె మా ఊళ్ళో పదిహేను రోజులు, పెనుకొండలో పదిహేను రోజులు, ధర్మవరంలో పదిహేను రోజులు ఉండి తిరిగి మా స్టేషనులో దిగేది. దానితో పాటే ఒక రిజిస్టరు తిరిగేది. పుస్తకం తీసుకున్న ప్రతి ఒక్కరూ తిరిగి ఇచ్చేటప్పుడు అందులో తమ అభిప్రాయం రాసి సంతకం చేయాలి. ఒక పుస్తకానికి నాలుగు ప్రతికూలాభిప్రాయాలు పడితే కార్యవర్గం సమావేశమై దానిని పెట్టెలో నుంచి తొలగించవచ్చు. ఈ నిబంధనలన్నీ పెట్టె మూత లోపలి వైపున నా చేతిరాతలో అంటించి ఉండేవి. వాటిలో ఏడవది: 'పుస్తకములకు కత్తి, సూది, పెన్సిలు తగిలించరాదు.' ఈ ఏడవ నిబంధనతో ముందు ముందు పని ఉంది.

యుద్ధం రోజులలో కాగితానికి కరువు వచ్చి, రైలులో పెట్టెకు చోటు దొరకక పఠనాలయం మూతపడింది. రిజిస్టర్లు నాలుగూ నా బల్ల మీదికి చేరాయి. వాటిని పొట్లాలు కట్టేవాళ్ళకు ఇచ్చేయమని సలహా చెప్పిన పెద్దమనుషులున్నారు. వాళ్ళు జన్మలో ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివినవారు కారని అవే రిజిస్టర్లలో రుజువు ఉంది. బహుశా అందుకే ఆ సలహా.

ఆమె జాడ నాకు మొదట తెలిసింది రిజిస్టరులోనే. ఒక విడత పెట్టె ధర్మవరం నుంచి తిరిగి వచ్చినప్పుడు, ఒక చారిత్రక నవలకు ఎదురుగా, తరగతి పలక మీద దిద్దినట్టున్న గుండ్రని అక్షరాలలో ఇలా ఉంది: 'చదివినది కోడలు. విన్నది ఇంట్లో అందరూ. చెప్పింది అత్త. రాజులు ఎక్కువైనారు. కూడు వండేవాళ్ళు ఒకరూ లేరు. ఇంతమంది తినేది యాడ?' సంతకం లేదు. మరొక నవలకు: 'ఆ పిల్ల నాలుగు పుటలు ఏడ్చింది. అంతలోపల నేను ఎనిమిది కండెలు చుట్టినాను.' దానికీ సంతకం లేదు.

నాకు ఒళ్ళు మండింది. చదవని మనిషి అభిప్రాయం చెప్పడమా? చెప్పిన మనిషి సంతకం చేయకపోవడమా? పెట్టె మళ్ళీ ధర్మవరం చేరిన మొదటి ఆదివారమే పాసింజరు ఎక్కి అక్కడికి వెళ్ళాను. పెట్టెను ఒక భజనమందిరం అరుగు మీద ఉంచేవారు. ఆ పక్క ఇల్లే వాళ్ళది. పొడుగాటి గదిలో రెండు మగ్గాలు. గుంటలో కాళ్ళు పెట్టుకుని ఆమె కొడుకు నేస్తున్నాడు. గోడ దగ్గర ఆమె రాట్నం తిప్పుతూ నాడెలో పెట్టే చిన్న కండెలకు దారం చుడుతోంది. గుమ్మం వెలుతురులో కోడలు కూర్చుని, మా పఠనాలయం ముద్ర ఉన్న పుస్తకం పైకి చదువుతోంది. నేను బయటే నిలబడి కొంతసేపు విన్నాను.

ఆ కొంతసేపటిలో నేను గమనించినది ఇది. కథలో ఉత్కంఠ హెచ్చినకొద్దీ రాట్నం నెమ్మదిస్తుంది. మరీ హెచ్చితే ఆగిపోతుంది. రచయిత చంద్రుడి మీదా కొలనుల మీదా వర్ణన మొదలుపెట్టాడా, గిర్రున తిరుగుతుంది. కోడలు తల ఎత్తి చూడదు. రాట్నం చప్పుడును బట్టే ఎక్కడ నిదానించాలో, ఎక్కడ గబగబ లాగేయాలో తెలుసుకుంటుంది. నేను ముప్ఫై ఏళ్ళుగా పత్రికలలో చదివిన గ్రంథవిమర్శలలో ఇంత నిష్పక్షపాతమైనది ఒకటీ కనబడలేదు.

నేను వచ్చిన పని చెప్పాను. ఆమె తెగిన దారపు కొసను పెదవుల మధ్య పట్టుకుని, ఆ నోటితోనే మాట్లాడింది. మాట్లాడేటప్పుడు దారం కొస పెదవుల మధ్య ఉంచుకోవడం ఆమెకు ఎప్పటి అలవాటో. అందుచేత ఆమె మాటలు పొదుపుగా, పళ్ళ సందు నుంచి వచ్చేవి.

"చదివేది రాకుంటే చెవులుండేది ఎందుకు సామీ? కోడలు చదివింది, నేను విన్నా. ఇద్దరం కలిస్తే ఒక చదువరి కాదా?"

కనీసం పేరైనా చెప్పమన్నాను, రాసుకుంటానన్నాను.

"పేరు వద్దు. పేరు చూసినోళ్ళు ఇంగ మాట చూడరు. మాట మటుకు రాసుకో."

ఆ మాటకు నేను అప్పుడు విలువ ఇవ్వలేదు. నిబంధనకు విరుద్ధమని చెప్పి, తాత్కాలికంగా అనుమతిస్తున్నట్టు రిజిస్టరులో రాసి వచ్చేశాను. వచ్చేటప్పుడు కోడలు నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చింది గానీ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తరువాత పలుమార్లు వెళ్ళినా అంతే. ఆ పిల్ల పుట్టిల్లు తాడిమర్రి. అయిదో తరగతి దాకా చదివిందట. కాపురానికి వచ్చి నాలుగేళ్ళయినా ఇంట్లో ఆమె గొంతు ఎవరికీ సరిగా తెలియదని, మొదటి పెట్టె వచ్చిన తరువాతనే తెలిసిందని అత్తే ఒకసారి నాతో చెప్పింది. "పుస్తకం తెరిస్తేనే ఈ పాప నోరు తెరుస్తాది సామీ. మూస్తే మూసుకుంటాది." ఈ సంగతి నేను రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో అప్పుడు నాకు తెలియదు.

ఇక ఆ నవల. పేరు అనవసరం. అపరాధ పరిశోధనా, ప్రేమా, హాస్యమూ కలిపి అల్లినది. చవక కాగితం మీద అచ్చయినది. ఒక జమీందారు ఇంట్లో వజ్రపు ముక్కుపుడక మాయమవుతుంది. దానిని కనిపెట్టడానికి వచ్చిన యువకుడు వంటవాడి వేషం వేస్తాడు. వాడికి వంట రాదు. వాడు చేసిన పులుసు తిని ఇంటిల్లిపాదీ మంచం పడతారు. వాడిని దొంగ అని మొదట అనుమానించేదీ, తరువాత వాడిని ప్రేమించేదీ ఆ ఇంటి మనుమరాలు. ముక్కుపుడక దొరికేలోగా ఆమెకు ఇష్టం లేని పెళ్ళి జరిగిపోతుందేమోనన్నది చదివేవారి బెంగ.

మా ఊళ్ళో ఈ పుస్తకం మీద పడిన అభిప్రాయాలను ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. మొట్టమొదట మా అధ్యక్షులు, ఉద్యోగ విరమణ చేసిన తహశీల్దారు: 'కథనము సరసము. కడపటి భాగము కుటుంబ స్త్రీలకు తగదు.' ఆయన కింద బెల్లం మండీ వర్తకులు: 'పైవారి అభిప్రాయమే నాదియు.' ఆయన కింద మూడవది: 'హాస్యము మెచ్చదగినది. కడపటి భాగము నీతిబాహ్యము.' పెట్టె పెనుకొండకు చేరాక అక్కడి తాలూకా కచేరీ గుమాస్తా పదమూడు పంక్తులు రాశారు. అందులో 'నేటి యువతరము' అనే మాట నాలుగుసార్లు ఉంది. ముక్కుపుడక మాట ఒక్కసారీ లేదు. నాలుగు ప్రతికూలాభిప్రాయాలు పూర్తయ్యాయి. పెనుకొండ నుంచి ఆ కబురు టపాలో అందగానే నేను నియమానుసారం సమావేశపు తేదీ నిర్ణయించి, చదివినవారెవరైనా వచ్చి మాట్లాడవచ్చునని మూడు ఊళ్ళకూ నోటీసు పంపాను.

ఆ మూడవ అభిప్రాయం నాది.

పెట్టె ధర్మవరం చేరింది. ఆ ఇంట్లో పుస్తకం మొదలుపెట్టే ముందు రిజిస్టరులోని అభిప్రాయాలు కూడా చదువుకునే ఆచారం ఉండేదట. కోడలు నాలుగూ చదివింది. మగ్గం గుంటలో నుంచి కొడుకు విన్నాడు. వాడు చెడ్డవాడు కాడు, వీధికి జడిసేవాడు. ఇంట్లో ఈ చదువులేమిటని ఇప్పటికే వీధిలో నలుగురూ అడుగుతున్నారని, పెద్దవాళ్ళు కూడదని రాసిన తరువాత ఇంట్లో ఆడవాళ్ళు చదివితే మాట పడాలని అన్నాడట. హిందూపురంలో ఆ పుస్తకం కొట్టివేస్తే ఇక ఆ ఇంట్లోకి ఏ పుస్తకమూ రాదని తేల్చి చెప్పాడు. ఈ ఒక్క విడత మాత్రం, పుస్తకం ఇంటికి వచ్చేసింది కనుక, చదువుకోమన్నాడు.

సమావేశం ఆదివారం మధ్యాహ్నం. పఠనాలయం గదిలో మేము ఏడెనిమిది మందిమి ఉన్నాము. అధ్యక్షులు కుర్చీలో, వర్తకులు గోడకు ఆనుకుని చాప మీద, పెనుకొండ గుమాస్తా తన పదమూడు పంక్తుల నకలు చేతిలో పట్టుకుని. అప్పుడు మెట్ల మీద ముగ్గురు కనబడ్డారు. ముందు ఆమె, వెనుక కోడలు, అందరికంటె వెనుక, తాను వచ్చినట్టు ఎవరికీ తెలియకూడదన్నట్టు, కొడుకు. పుస్తకమూ రిజిస్టరూ ఒకే ఎర్రటి పట్టుగుడ్డ ముక్కలో చుట్టి ఉన్నాయి. ఆమె గడప లోపల గోడ పక్కన నేల మీద కూర్చుంది. చాప చూపిస్తే వద్దంది.

అధ్యక్షులు మర్యాదగానే పలకరించారు. "ఈ పుస్తకం తగదని నలుగురు రాసినారమ్మా. నువ్వు చెప్పేదేమన్నా ఉందా?"

"చెప్పేదానికి రాలేదు దొరా. అడిగేదానికి వచ్చినా."

"అడుగు."

"ముక్కుపుడక ఎవరు తీసినారు?"

అధ్యక్షులు వర్తకుల వైపు చూశారు. వర్తకులు కిటికీ వైపు చూశారు. పెనుకొండ గుమాస్తా గొంతు సవరించుకుని, వంటవాడే తీసి ఉండాలని, ఇటువంటి కథలలో అదే ఆనవాయితీ అని అన్నారు.

"అది కాదయ్యా," అందామె. "వాడు కాదని పులుసు కాడనే తేలిపాయ గదా. పుడక పోయినాకనే వాడు ఆ ఇంటికి వచ్చినాడు." తరువాత నా వైపు తిరిగింది. "రిజిస్టరు సామీ, నువ్వు చదివింటావు. నువ్వు చెప్పు. పదహైదు దినాలుగా నాకు పని సాగలేదు."

నేను చెప్పలేకపోయాను. ఆ సంగతి ఇక్కడ దాచడం నా పద్ధతికి విరుద్ధం. ఆ నవల మూడింట రెండు వంతులు చదివాను. మరునాడు పెట్టె రైలుకు ఎక్కాలి. రిజిస్టరులో నా గడి ఖాళీగా ఉండకూడదు. పైన అధ్యక్షుల అభిప్రాయం ఉంది. ఆయన చదవకుండా రాయరని నమ్మాను. ఆయన సంతకం చూశాను గానీ ఆయన మాటను చూడలేదు.

మేమెవరమూ చివరిదాకా చదవలేదని ఆమె ఎరిగి అడిగిందా, ఎరగక అడిగిందా? ఎన్నోసార్లు ఆలోచించాను. నిజంగానే ఆమెకు దొంగ ఎవరో తెలియదు; అది మాత్రం అబద్ధం కాదు. ఎందుకు తెలియదో ఆమె పట్టుగుడ్డ విప్పి చూపించింది.

ఆ రోజుల్లో చవక పుస్తకాలను ఫారాలనే పెద్ద అచ్చుకాగితాలు మడిచి, అంచులు కోయకుండానే కుట్టి అమ్మేవారు. చదివేవారే కత్తితో మడతలు చీల్చుకోవాలి. మా పెట్టె పుస్తకాలకు ఆ పని నేను చేసేవాడిని; ఏడవ నిబంధన ప్రకారం ఇంకెవరూ చేయకూడదు. ఆ విడత తొందరలో ఆఖరి ఫారం కోయడం మరిచాను. పదహారు పేజీలు. వాటిలో కొన్ని మామూలుగా కనబడతాయి. మిగిలినవి సంచీ మూతిలాగా మూసుకుని ఉంటాయి. ఆ మడతలు అప్పటికీ చెక్కుచెదరలేదు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా తిరిగిన పుస్తకంలో, అందరూ ఖండించిన ఆ 'కడపటి భాగము'ను ఎవరి వేలూ తెరవలేదు.

"కత్తి పెట్టగూడదని మూత మీద రాసినారు," అందామె. "మేము పెట్టలే. మా పాప వెదురుపుల్ల దోపి, తల వంచి, తొంగి తొంగి చూసి చదివింది. మెడ పట్టుకుని రెండు దినాలు వదల్లే. రెండు పుటలు మటుకు నీడలో పడినాయి, అందలే. దొంగ ఆడనే ఉండాడు." తరువాత అధ్యక్షుల వైపు తిరిగి అడిగింది. "మీరు ఏ పుల్లతో చదివినారు దొరా?"

వర్తకులు పెద్దగా నవ్వారు. ఆ నవ్వులో ఆయన తనను కూడా కలుపుకున్నారని నేను గమనించాను. అధ్యక్షులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చెప్పిన కారణం కూడా నా నమోదులో ఉంది: మొదట ఉన్న విషయసూచికలో చివరి ప్రకరణం పేరు 'పడకగదిలో పట్టుబడిన దొంగ'. ఆ పేరు చాలుననుకున్నారట.

నేను లేచి జేబుకత్తి తీసి మడతలు కోశాను. ఒక పుట అంచు కొద్దిగా చిరిగింది. పుస్తకం నేను చదవబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"మా పాప చదువుతాది. ఈడిదాకా చదివింది ఆ పిల్లే."

పరాయి మగవాళ్ళు అంతమంది ఉన్న గదిలో ఆ పిల్ల చదువుతుందని నేను అనుకోలేదు. గోడ వైపు సగం తిరిగి, పుస్తకం ముఖానికి దగ్గరగా పట్టుకుని మొదలుపెట్టింది. మొదటి పంక్తి ఎవరికీ వినబడలేదు. నేల మీద కూర్చున్న అత్త కుడిచేయి తనంతట తానే తిరగసాగింది. రాట్నం లేని చోట రాట్నం తిప్పుతున్నట్టు. ఆ చేతిని ఓరకంట చూస్తూ కోడలు గొంతు పెంచింది. చేయి నెమ్మదించింది. కోడలు నిదానించింది. పడకగది తలుపు తెరుచుకుంది, దీపం వెలిగింది, దిండు కింద చేయి దూరింది. చేయి ఆగిపోయింది.

దిండు కింద ముక్కుపుడక దాచుకున్నది జమీందారు తల్లి. ముక్కుపుడక లేనిదే పెళ్ళి జరిపించరాదన్నది ఆ ఇంటి ఆచారం. మనుమరాలికి ఇష్టం లేని పెళ్ళి ఆపడానికి ఆ అవ్వకు దొరికిన దారి అదొక్కటే. నీతిబాహ్యమైన కడపటి భాగం అంతా అదే. పడకగదిలో ఉన్నది దగ్గుమందు సీసాతో ఒక ముసలామె.

"అవ్వే తీసింటాదని మొదటి నుంచీ చెప్తాండా," అందామె కోడలితో, మేమెవరమూ అక్కడ లేనట్టు. "నువ్వు వినలే."

ఓటు అవసరం లేకపోయింది. అధ్యక్షులు ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్ళి మూడు వారాలు తిరిగి ఇవ్వలేదు. ఆ ఆలస్యం కూడా రిజిస్టరులో ఉంది. నేను నా అభిప్రాయాన్ని కొట్టివేశాను. చెరిపివేయలేదు, ఒక్క గీత గీసి, కింద మాట కనబడేటట్టు, పక్కన పొడి సంతకం చేశాను. ఆ క్షణమే, అందరి ఎదుట, బద్ద పెట్టి రిజిస్టరులో కొత్త గడి గీశాను: 'విన్నవారు'. దానికి సంతకం అక్కరలేదని కింద రాశాను.

వాళ్ళు వెళ్ళేటప్పుడు కొడుకు మెట్ల మీద ఆగి, మొదటిసారి నోరు విప్పాడు. భార్య వైపు చూడకుండా అన్నాడు: "వచ్చే పెట్టెలో ఏమేమి వస్తాండాయో అడిగి రాపించుకో. ఊరికే పోతే ఎట్ల?"

ఆ తరువాత పెట్టె నడిచినంత కాలం ధర్మవరం గడి ఒక్కసారీ ఖాళీగా రాలేదు. పెట్టె ఆగిపోయిన తరువాత కూడా వాళ్ళు ఎక్కడెక్కడి పుస్తకాలో సంపాదించుకుని చదువుకుంటూనే ఉన్నారని అప్పుడప్పుడు వినేవాడిని.

ఇప్పుడు కార్డు. అక్షరాలు అవే గుండ్రని అక్షరాలు. కాస్త చిన్నవయ్యాయి, వేగం వచ్చింది. 'అత్త శుక్రవారం పొద్దున పోయింది. ముందురోజు దాకా చదివించుకుంది. ఆఖరి పుస్తకం మీద తన మాట మీ రిజిస్టరులో రాసుకోవాలని చెప్పి పోయింది. ఆ మాట: దొంగ ఎవరో నడిమికే తెలిసిపాయ. రాసినాయనకు ఇంకా పని రావల్ల. చదివే మనిషికి వచ్చేసింది.'

నాలుగవ రిజిస్టరు తెరిచాను. మిగిలిన పుటలు చాలానే ఉన్నాయి. తేదీ వేసి, విన్నవారి గడిలో ఆ మాటను మార్పు లేకుండా రాశాను. తరువాత, అలవాటు ప్రకారం, ధర్మవరం నమోదులన్నీ మొదటి నుంచి సరిచూశాను. ప్రతి పుస్తకానికీ 'చదివినది కోడలు' అని ఉంది. ప్రతి పుస్తకానికీ అత్త అభిప్రాయం ఉంది. ఇన్నేళ్ళలో, ఇన్ని పుస్తకాలలో, చదివినామె అభిప్రాయం ఒక్కటీ లేదు. నాలుగు రిజిస్టర్లు రాసినవాడిని, ఆ లోపం నా కంటపడలేదు.

వెంటనే జవాబు కార్డు తీసి ఇలా రాశాను: 'మీ అత్తగారి అభిప్రాయం అందినది, నమోదు చేయడమైనది. అదే పుస్తకానికి చదివినవారి గడి ఖాళీగా ఉన్నది. తాము స్వయంగా పూర్తి చేసి, తిరుగు టపాలో పంపవలసినది. అంతవరకు ఆ పుట ముగించబడదు.'